పట్టుకున్నవాడు వదిలేదాకా: లినక్స్ కెర్నల్ మాడ్యూళ్ళు, ఫైల్ సిస్టమ్ లోపలికి తొలి అడుగులు

ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ మంచి మార్కులతో గట్టెక్కినవాళ్ళకు కూడా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అంటే బోర్డు మీద గీసిన నాలుగు డబ్బాల బొమ్మే గుర్తుంటుంది. ఆ బొమ్మను పక్కనపెట్టి కెర్నల్‌ను చేత్తో ముట్టుకుని నేర్చుకునే దారి ఇది. సీ భాషలో పాయింటర్లు, స్ట్రక్చర్లు తడబడకుండా చదవగలిగితే చాలు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల కాలేజీ పిల్లల దగ్గర ఉండే 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ దీనికి సరిపోతుంది.

పాకాల చెరువు కింద పొలం ఉన్న రైతు నీళ్ళ కోసం కట్ట తెంపడు. నీరటికాడు తూము తీస్తాడు, కాలువ వెంట నీళ్ళు మడికి చేరతాయి. మన ప్రోగ్రాములు ఆయకట్టులో పొలాలు. డిస్కు, మెమరీ, నెట్‌వర్క్ చెరువులో నీళ్ళు. ప్రోగ్రామ్ కెర్నల్‌ను పని అడిగే సిస్టమ్ కాల్ తూము. నడుస్తున్న కెర్నల్‌కు ఎక్కించి దించగలిగే కోడ్ ముక్కే మాడ్యూల్. దాన్ని రాయడమంటే నీరటికాడి పక్కన కట్ట మీద నిలబడి గడ్డపార పట్టుకోవడమే. పొలంలో చేసిన తప్పుకు ఒక మడి పాడవుతుంది, కట్ట మీద చేసిన తప్పుకు కింద ఊళ్ళన్నీ మునుగుతాయి. కాబట్టి రోజూ వాడే సిస్టమ్‌లో ఈ పనులు చేయొద్దు. దారి తప్పిన ఒక్క పాయింటర్ మీ ప్రాజెక్టు రిపోర్టు ఉన్న డిస్కును పాడు చేయగలదు.

కట్ట ఎక్కేముందు

మీ ల్యాప్‌టాప్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషీన్) నడిపే వర్చువల్‌బాక్స్ గానీ క్యూఈఎంయూ గానీ వేసుకుని అందులో ఉబుంటు ఎక్కించండి. దానికి 2 సీపీయూలు, 4 జీబీ ర్యామ్, 30 జీబీ డిస్కు ఇవ్వండి. డెస్క్‌టాప్ లేని సర్వర్ వెర్షన్ 2 జీబీ ర్యామ్‌తోనే నడుస్తుంది, ఈ పనికి అదే మేలు కూడా. సెక్యూర్ బూట్ ఆపేయండి. అది ఉంటే మీరు రాసిన మాడ్యూల్‌కు సంతకం లేదని కెర్నల్ తిప్పికొడుతుంది, తెరమీద 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వస్తుంది. ఉబుంటు ఎక్కిన వెంటనే స్నాప్‌షాట్ (మెషీన్ అప్పటి స్థితి నకలు) తీసిపెట్టుకోండి.

హనుమకొండ రూముల్లో చాలామంది ఫోన్ హాట్‌స్పాట్ మీదే నెట్టుకొస్తారు. మాడ్యూల్ రాయడానికి కెర్నల్ సోర్స్ మొత్తం దించుకోనక్కర్లేదు, నడుస్తున్న కెర్నల్ హెడర్లు చాలు. బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ, లినక్స్-హెడర్స్ ప్యాకేజీ ఎక్కించండి. 'యూనేమ్ -ఆర్' ఏ వెర్షన్ చూపితే అక్షరం పొల్లు పోకుండా అదే వెర్షన్ హెడర్లు కావాలి. అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వచ్చి, మీరు రీబూట్ చేయకపోతే పాత కెర్నల్ మీద కొత్త హెడర్లు ఉంటాయి. అప్పుడు బిల్డ్ డైరెక్టరీ దొరకదు. రీబూట్ చేస్తే సరిపోతుంది. తర్వాత సోర్స్ చదవాలనుకున్నప్పుడు 6వ సిరీస్ టార్‌బాల్ సుమారు 140 ఎంబీ ఉంటుంది. గిట్‌లో మొత్తం చరిత్రతో దించితే అది జీబీల్లోకి పోతుంది, అందుకే డెప్త్ 1 అని ఇచ్చి దించండి.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాశాం. టైప్ చేసేది మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

మొదటి మాడ్యూల్

హలో.సీ అనే ఫైల్‌లో లినక్స్/మాడ్యూల్.హెచ్ చేర్చండి. మెయిన్ ఫంక్షన్ ఉండదు. ఎక్కేటప్పుడు పిలిచేది ఒకటి, దిగేటప్పుడు పిలిచేది ఒకటి, రెండు ఫంక్షన్లు రాసి మాడ్యూల్_ఇనిట్, మాడ్యూల్_ఎగ్జిట్ మాక్రోలకు అప్పజెప్పండి. మొదటిది పూర్ణాంకం తిరిగిస్తుంది, రెండోది ఏమీ ఇవ్వదు. రెండింటిలోనూ పీఆర్_ఇన్ఫోతో ఒక్కో వాక్యం అచ్చు వేయించండి, చివర కొత్త లైన్ గుర్తు మరవొద్దు. అది లేకపోతే ఆ వాక్యం తర్వాతి సందేశం వచ్చేదాకా లాగ్‌లో కనబడకపోవచ్చు, మాడ్యూల్ పనిచేయలేదని పొరపడతారు. చివర్లో మాడ్యూల్_లైసెన్స్ జీపీఎల్ అని ఉండాలి. ఆ లైన్ లేకపోతే ఇప్పటి కెర్నళ్ళ మీద బిల్డే ఆగిపోతుంది.

పక్కనే మేక్‌ఫైల్ రాయండి. అందులో అసలు లైన్ ఒక్కటే: ఓబీజే-ఎం కు హలో.ఓ చేర్చడం. హలో.సీ కాదు, హలో.ఓ. మేక్‌ఫైల్ పేరులో మొదటి ఎం పెద్దక్షరం కావాలి, చిన్నక్షరమైతే కెర్నల్ బిల్డ్ వ్యవస్థ దాన్ని చూడదు. కమాండ్ లైన్ ముందు ట్యాబ్ ఉండాలి, స్పేసులు పెడితే 'మిస్సింగ్ సెపరేటర్' అంటుంది. ఫోల్డర్ దారిలో ఎక్కడా స్పేస్ ఉండకూడదు. ఇక మేక్ కమాండ్‌కు పెద్ద సీ ఆప్షన్‌తో /లిబ్/మాడ్యూల్స్ కింద మీ వెర్షన్ ఫోల్డర్‌లో ఉన్న 'బిల్డ్' దారి, పెద్ద ఎం వేరియబుల్‌తో మీ ఫోల్డర్ దారి ఇచ్చి, చివర 'మాడ్యూల్స్' అనండి. కంపైలర్ వెర్షన్ వేరుగా ఉందనో, బీటీఎఫ్ (ఒక రకం డీబగ్ సమాచారం) తయారీ వదిలేశాననో హెచ్చరికలు వస్తే కంగారు పడొద్దు. హలో.కేఓ పుట్టిందా లేదా అన్నదే లెక్క.

సుడోతో 'ఇన్స్‌మాడ్ హలో.కేఓ', తర్వాత కెర్నల్ లాగ్ చూపే 'డీమెసేజ్' (dmesg) సుడోతో. మీ వాక్యంతోపాటు 'టెయింట్స్ కెర్నల్' అనే మాట కూడా కనిపిస్తుంది. బయటి మాడ్యూల్ ఎక్కిందని కెర్నల్ రాసి పెట్టుకున్న గుర్తు అది, తప్పేమీ కాదు. 'ఎల్ఎస్‌మాడ్'లో మాడ్యూల్ పేరు, సైజు, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. ఈ మాడ్యూల్‌ను ఎంతమంది పట్టుకున్నారో చెప్పేది ఆ మూడో గడి. అది సున్నా అయితేనే 'ఆర్ఎంమాడ్' దాన్ని దించుతుంది. ఈ అంకెను మనసులో ఉంచుకోండి, ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్ళాక ఇదే లెక్క వేరే పేర్లతో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

'ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్' వస్తే ఒక వెర్షన్‌కు కట్టిన మాడ్యూల్‌ను వేరే వెర్షన్ మీద ఎక్కిస్తున్నట్టు. 'మాడ్‌ఇన్ఫో' చూపే వెర్‌మ్యాజిక్ లైన్‌ను యూనేమ్ చెప్పినదాంతో పోల్చండి. 'అన్‌నోన్ సింబల్' వస్తే మీ మాడ్యూల్‌కు కావలసిన ఇంకో మాడ్యూల్ ముందు ఎక్కి ఉండకపోవచ్చు. ఇన్స్‌మాడ్ ఆ సంబంధాలు చూడదు, 'మాడ్‌ప్రోబ్' చూస్తుంది. సుడో ఇచ్చినా 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' వస్తే మీ ఇనిట్ ఫంక్షన్ -1 తిరిగిస్తోందేమో చూడండి. కెర్నల్‌లో -1 అంటే 'ఏదో తప్పు' కాదు, సరిగ్గా 'అనుమతి లేదు' అనే అర్థం. మెమరీ దొరకకపోతే మైనస్ ఈనోమెమ్, ఇచ్చిన విలువ తప్పైతే మైనస్ ఈఇన్‌వాల్, ఇలా ఏ కారణానికి ఆ పేరే తిరిగివ్వండి.

ఇక్కడే చాలామంది పడే గుంట ఒకటుంది. ఇనిట్ మధ్యలో విఫలమైతే కెర్నల్ మీ ఎగ్జిట్ ఫంక్షన్‌ను పిలవదు. మూడు పనులు చేసి నాలుగోది చెడితే, ఆ మూడింటినీ వెనక నుంచి ముందుకు మీరే విప్పుకుంటూ రావాలి. కెర్నల్ సోర్స్‌లో గోటూ అంతగా కనబడేది అందుకే. మామూలు ప్రోగ్రామ్ చచ్చిపోతే దాని మెమరీని కెర్నల్ వెనక్కు తీసుకుంటుంది. మాడ్యూల్ కేమాలక్‌తో తీసుకుని వదలని మెమరీ రీబూట్ దాకా పోయినట్టే.

చదవడానికి ఒక ఫైల్

రెండో మాడ్యూల్, కెర్నల్ సమాచారాన్ని ఫైళ్ళలా చూపే /ప్రాక్ కింద ఒక ఫైల్ తెరవాలి. ప్రాక్_క్రియేట్‌కు పేరు, అనుమతులు, తల్లి డైరెక్టరీ, ఫంక్షన్ల పట్టిక ఇవ్వాలి. 5.6 వెర్షన్ నుంచి ఈ పట్టిక రకం ప్రాక్_ఆప్స్, అంతకుముందు ఫైల్_ఆపరేషన్స్ ఉండేది. పాత పాఠం చూసి రాసిన కోడ్ 'ఇన్‌కంపాటిబుల్ పాయింటర్ టైప్' అని ఆగేది ఇందుకే.

రీడ్ ఫంక్షన్‌కు నాలుగు అందుతాయి: ఫైల్, యూజర్ వైపు బఫర్, అడిగిన సైజు, ఎక్కడి నుంచి చదవాలో చెప్పే స్థానం. వాక్యాన్ని యూజర్ బఫర్‌లోకి మెమ్‌కాపీతో పోయకండి. ఇప్పటి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు కెర్నల్ అలా నేరుగా యూజర్ మెమరీని ముట్టుకోనివ్వవు. కాపీ_టు_యూజర్ వాడాలి, అదే తూము. అది తిరిగిచ్చేది ఎర్రర్ కోడ్ కాదు, కాపీ కాకుండా మిగిలిపోయిన బైట్ల సంఖ్య. సున్నా కాకపోతే మైనస్ ఈఫాల్ట్ మీరే తిరిగివ్వాలి.

ఇప్పుడు కావాలనే ఒక తప్పు చేసి చూడండి: స్థానం పెంచకుండా ప్రతిసారీ వాక్యం పొడవునే తిరిగివ్వండి. 'క్యాట్' కొడితే మీ వాక్యం ఆగకుండా తెర నిండా పారుతుంది, కంట్రోల్ సీ కొట్టేదాకా నిలవదు. ఫైల్ అయిపోయిందని క్యాట్‌కు తెలిసేది రీడ్ సున్నా తిరిగిచ్చినప్పుడే. ఈ ఒక్క ప్రయోగంతో 'ఫైల్ ముగింపు' అంటే డిస్కు మీద రాసిన గుర్తు కాదనీ, ఫంక్షన్ ఇచ్చిన జవాబనీ తేలిపోతుంది. తర్వాత సింపుల్_రీడ్_ఫ్రమ్_బఫర్ వాడండి, స్థానం లెక్క అదే చూసుకుంటుంది.

రీడ్‌లో పెద్ద అర్రేను లోకల్ వేరియబుల్‌గా పెట్టకండి. 64 బిట్ ఎక్స్86 మీద కెర్నల్ స్టాక్ మొత్తం 16 కేబీ మాత్రమే, అందులోనే మిమ్మల్ని పిలిచిన ఫంక్షన్లన్నీ ఇమడాలి. ఎగ్జిట్‌లో ప్రాక్ ఎంట్రీని తీసేయడం మరిచిపోతే, మాడ్యూల్ దిగాక కూడా ఆ పేరు అక్కడే ఉంటుంది. ఎవరైనా క్యాట్ కొడితే కెర్నల్ లేని ఫంక్షన్ దగ్గరికి పరుగెత్తి పడిపోతుంది.

ఊప్స్ చదవడం

స్నాప్‌షాట్ తీసుకుని, రీడ్ ఫంక్షన్‌లో నల్ పాయింటర్ విలువ చదివించండి. క్యాట్ కొట్టగానే 'కిల్డ్' అంటుంది. డీమెసేజ్‌లో పెద్ద నివేదిక ఉంటుంది, దాన్నే ఊప్స్ అంటారు, బెదరకుండా మూడు చోట్లే చూడండి. మొదటి లైన్ ఏం జరిగిందో చెబుతుంది: 'కెర్నల్ నల్ పాయింటర్ డీరెఫరెన్స్', పక్కన అడ్రస్. ఆ అడ్రస్ సున్నా కాక 8, 16 లాంటి చిన్న అంకె అయితే, నల్ స్ట్రక్చర్‌లో అంత దూరంలో ఉన్న మెంబర్‌ను ముట్టుకున్నారని అర్థం. రెండోది కోడ్‌లో పడిపోయిన చోటు చూపే ఆర్ఐపీ లైన్. ఫంక్షన్ పేరు, కూడిక గుర్తు, అందులో ఎన్నో బైట్ దగ్గర పడిందో, '/' గీత తర్వాత ఫంక్షన్ మొత్తం సైజు, చివర మీ మాడ్యూల్ పేరు ఉంటాయి. కెర్నల్ సోర్స్‌లో స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫ్యాడర్2లైన్‌కు ఇది అందిస్తే సీ ఫైల్‌లో ఏ లైనో చెబుతుంది. మాడ్యూల్‌ను డీబగ్ సమాచారంతో కట్టి ఉండాలి. మూడోది కాల్ ట్రేస్, ఎవరు ఎవరిని పిలిచి ఇక్కడికి వచ్చారో కింద నుంచి పైకి చదవాలి.

ఇప్పుడు ఆర్ఎంమాడ్ చేయబోతే అది తిరిగిరాదు, వేలాడిపోతుంది. రీడ్‌లోకి వెళ్ళేముందు ప్రాక్ వ్యవస్థ 'ఒకరు లోపలున్నారు' అని లెక్క పెంచింది. లోపలికి వెళ్ళిన క్యాట్ బయటికి రాకుండానే చచ్చిపోయింది, ఆ లెక్క తగ్గించేవాళ్ళు లేరు. స్నాప్‌షాట్‌కు వెనక్కు వెళ్ళడమే మార్గం. మెషీన్ మొత్తం బిగుసుకుపోయే తప్పులకు సీరియల్ కన్సోల్ పెట్టుకోండి. బూట్ ఆప్షన్లలో కన్సోల్‌ను టీటీవైఎస్0కు మళ్ళిస్తే చివరి మాటలు బయటి టెర్మినల్‌లో మిగులుతాయి.

64 ఎంబీలో ఒక డిస్కు

ఫైల్ సిస్టమ్‌కు వేరే డిస్కు అక్కర్లేదు. 'ట్రంకేట్'తో 64 ఎంబీ ఫైల్ ఒకటి, డిస్క్.ఇమేజ్ అని, తయారుచేసి దాని మీద ఎంకేఎఫ్ఎస్.ఎక్స్‌ట్4 నడపండి. బ్లాక్ సైజు 4096 అని చిన్న బీ ఆప్షన్‌తో మీరే చెప్పండి. చిన్న డిస్కులకు అది వేరే సైజు ఎంచుకునే అవకాశం ఉంది, కింది లెక్కలు తప్పుతాయి.

'హెక్స్‌డంప్ -పెద్ద సీ'తో 1080వ బైట్ దగ్గర రెండు బైట్లు చూడండి: 53, ఈఎఫ్. మొదటి 1024 బైట్లు బూట్ కోడ్ కోసం వదిలేస్తారు, వాటి తర్వాత ఫైల్ సిస్టమ్ మొత్తం వివరాలుండే సూపర్‌బ్లాక్ మొదలవుతుంది, దానిలో 56వ బైట్ దగ్గర ఈ సంతకం. చిన్న బైట్ ముందు రాసే పద్ధతి కాబట్టి ఈఎఫ్53 తిరగబడి కనిపిస్తుంది.

సుడోతో లూప్ ఆప్షన్ పెట్టి ఆ ఇమేజ్‌ను ఒక ఫోల్డర్ మీద మౌంట్ చేయండి. లోపల 'వరంగల్' అని తెలుగులోనే పేరు పెట్టి, ఒక వాక్యం రాసిన ఫైల్ సృష్టించండి. 'ఎల్ఎస్ -ఐ' ఇచ్చే అంకె దాని ఐనోడ్ నంబర్, ఐనోడ్ అంటే ఫైల్ వివరాలుండే రికార్డు. ఇప్పుడు అన్‌మౌంట్ చేసి, 'డీబగ్‌ఎఫ్ఎస్'లో ఆ ఐనోడ్ నంబర్‌ను కోణపు బ్రాకెట్లలో పెట్టి 'స్టాట్' అడగండి. అనుమతులు, సైజు, లింకుల లెక్క, కింద ఎక్స్‌టెంట్స్ దగ్గర డేటా బ్లాక్ నంబర్ వస్తాయి. పేరు మాత్రం ఉండదు. 'డీడీ'కి బ్లాక్ సైజు 4096, ఆ నంబరంత స్కిప్, కౌంట్ 1 ఇచ్చి ఇమేజ్ నుంచి చదివించండి. మీరు రాసిన వాక్యం బయటికొస్తుంది. డీడీకి ఓఎఫ్ ఇచ్చే ప్రతిసారీ ఎంటర్ కొట్టేముందు ఆ దారిని నోటితో చదువుకోండి, అక్కడ /డెవ్ కింది అసలు డిస్కు పేరు పడితే తిరిగి రాదు.

మరి పేరెక్కడుంది? రూట్ డైరెక్టరీ ఐనోడ్ 2. దాని డేటా బ్లాక్‌ను ఇలాగే తీసి హెక్స్‌డంప్‌లో చూడండి. ఒక్కో ఎంట్రీలో 4 బైట్ల ఐనోడ్ నంబర్, 2 బైట్ల ఎంట్రీ పొడవు, 1 బైట్ పేరు పొడవు, 1 బైట్ ఫైల్ రకం, ఆ తర్వాత పేరు. 'వరంగల్' పేరు పొడవు హెక్స్‌లో 12, అంటే 18. వ, ర, సున్న, గ, ల, పొల్లు కలిపి ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు. వ ఈ0 బీ0 బీ5గా కనిపిస్తుంది. ఎక్స్‌ట్4లో పేరుకు 255 బైట్లే హద్దు కాబట్టి తెలుగు పేరు 85 సంకేతాల దగ్గర ఆగిపోతుంది. పొడవైన తెలుగు పేర్లున్న ఫైళ్ళు ఒక్కోసారి కాపీ కాకపోవడానికి ఇదొక కారణం. కెర్నల్‌కు భాషతో పనిలేదు, '/' గుర్తు, సున్నా బైట్ తప్ప ఏ బైటైనా పేరులో ఉండొచ్చు.

ఊళ్ళో ఒకే భూమిని ఒకరు మామిడి చెలక అంటారు, ఇంకొకరు గుట్టకింది చెలక అంటారు. పహాణీలో మాత్రం సర్వే నంబర్ ఒక్కటే. పేరు డైరెక్టరీలో ఉంటుంది, భూమి వివరమంతా ఐనోడ్ దగ్గర ఉంటుంది. 'ఎల్ఎన్'తో హార్డ్ లింక్ పెట్టి ఎల్ఎస్ -ఐ చూడండి, రెండు పేర్లకూ ఒకే నంబర్, లింకుల లెక్క 2.

ఇంకా ఎవరో పట్టుకునే ఉన్నారు

అదే మౌంట్‌లో 20 ఎంబీ ఫైల్ సృష్టించి, ఒక టెర్మినల్‌లో 'టెయిల్ -ఎఫ్'తో తెరిచి ఉంచండి. ఇంకో టెర్మినల్‌లో 'ఆర్ఎం' చేయండి. పేరు పోతుంది, 'డీఎఫ్'లో జాగా మాత్రం పెరగదు. ఐనోడ్‌ను పేర్లు పట్టుకున్న లెక్క ఒకటి, తెరిచి ఉంచిన ప్రోగ్రాములు పట్టుకున్న లెక్క ఇంకొకటి. రెండూ సున్నా అయితేనే బ్లాకులు విడుదలవుతాయి. టెయిల్‌ను ఆపి డీఎఫ్ మళ్ళీ చూడండి. సర్వర్‌లో పెద్ద లాగ్ ఫైల్ చెరిపేసినా డిస్కు ఖాళీ కాకపోతే 'ఎల్ఎస్ఓఎఫ్ +పెద్ద ఎల్ 1' పట్టుకున్నవాణ్ణి చూపిస్తుంది.

ఇప్పుడు 400 ఎంబీ ఇమేజ్ మీద ఎక్స్ఎఫ్ఎస్ వేసి మౌంట్ చేయండి. ఉబుంటులో అది మాడ్యూల్‌గా వస్తుంది కాబట్టి ఎల్ఎస్‌మాడ్‌లో దాని మూడో గడి 1 అవుతుంది. ఆర్ఎంమాడ్ 'ఇన్ యూజ్' అంటుంది. ఆ ఫోల్డర్‌లోకి సీడీ చేసి ఇంకో టెర్మినల్ నుంచి అన్‌మౌంట్ చేయబోతే 'టార్గెట్ ఈజ్ బిజీ'. మీ షెల్ ఫోల్డర్‌ను, ఫోల్డర్ మౌంట్‌ను, మౌంట్ మాడ్యూల్‌ను పట్టుకుని ఉన్నాయి. పైనుంచి ఒక్కొక్కటే వదిలించుకుంటూ రావాలి.

డిస్కులో జాగా ఉన్నా 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' వచ్చే సందర్భం కూడా చూసి తీరాలి. ఎంకేఎఫ్ఎస్‌కు పెద్ద ఎన్ ఆప్షన్‌తో 64 ఐనోడ్లే చాలని చెప్పండి. మొదటి పది ఫైల్ సిస్టమ్ తనకే ఉంచుకుంటుంది, పదకొండోది లాస్ట్+ఫౌండ్‌కు పోతుంది. ఖాళీ ఫైళ్ళు సృష్టిస్తూ పోతే యాభై చిల్లర దగ్గర ఆగిపోతుంది. డీఎఫ్‌లో ఎంబీలకు ఎంబీలు మిగిలే ఉంటాయి, 'డీఎఫ్ -ఐ'లో మాత్రం వంద శాతం.

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయినప్పుడు, అప్పుడే సేవ్ చేసిన ఫైల్ సున్నా సైజుతో మిగలడం వింత కాదు. రైట్ సిస్టమ్ కాల్ విజయవంతం అంటే డేటా పేజ్ క్యాష్‌లో, అంటే డిస్కుకు పోయేముందు మెమరీలో ఆగే చోట, పడిందని మాత్రమే. మామూలు సెట్టింగుల్లో ఇంకా డిస్కుకు చేరని మురికి పేజీలు 30 సెకన్ల దాకా మెమరీలోనే ఉండొచ్చు, ఎక్స్‌ట్4 జర్నల్ (మార్పుల చిట్టా) మాత్రం 5 సెకన్లకోసారి డిస్కుకు చేరుతుంది. ఫైల్ పేరు చేరి, లోపలి డేటా చేరకుండా పోయే సందు అక్కడుంది. వర్చువల్ మెషీన్‌లో ఫైల్ రాసి, పది సెకన్లు ఆగి, పవర్ ఆఫ్ నొక్కి చూడండి. తర్వాత 'సింక్' చేసి అదే పని చేయండి. మీ ప్రోగ్రాముల్లో ఈ హామీ కావాలంటే ఎఫ్‌సింక్ పిలిచి, అది తిరిగిచ్చిన విలువ తప్పక చూడాలి.

సొంత ఫైల్ సిస్టమ్ వైపు

ఎక్స్‌ట్4 సోర్స్‌తో మొదలుపెట్టకండి, అది మహా అడవి. సోర్స్‌లో ఎఫ్ఎస్/ర్యామ్‌ఎఫ్ఎస్ ఫోల్డర్‌లోని ఐనోడ్.సీ కొన్ని వందల లైన్లే, ఒక సాయంత్రంలో చదవొచ్చు. కింద నుంచి పైకి చదవండి: చివర్లో రిజిస్టర్_ఫైల్‌సిస్టమ్, దాని పైన సూపర్‌బ్లాక్ నింపే ఫంక్షన్, దాని పైన ఐనోడ్ పుట్టించే ఫంక్షన్. అన్ని ఫైల్ సిస్టమ్‌ల మీదా ఉమ్మడిగా ఉండే పొర వీఎఫ్ఎస్. అందులో సూపర్‌బ్లాక్, ఐనోడ్, డెంట్రీ (పేరును ఐనోడ్‌కు కలిపేది), ఫైల్ అని నాలుగు వస్తువులున్నాయి, ఫైల్ సిస్టమ్ చేసే పనల్లా వాటికి ఫంక్షన్ల పట్టికలు అందించడమే. ప్రాక్ ఫైల్‌కు మీరు ఇచ్చిన పట్టికే ఇక్కడ నాలుగు చోట్ల కనిపిస్తుంది. డిస్కు మీద బ్లాకులు కూడా ఎలా పంచుతారో కావాలంటే తర్వాత ఎఫ్ఎస్/ఎక్స్‌ట్2 చదవండి.

మీ మాడ్యూల్‌కు ర్యామ్‌ఎఫ్ఎస్ కాపీ తీసుకుని పేర్లు మార్చి మొదలుపెట్టవచ్చు. ఎక్కాక /ప్రాక్/ఫైల్‌సిస్టమ్స్‌లో దాని పేరు 'నోడెవ్' పక్కన కనిపించాలి. కాపీ మాత్రం మీరు నడుపుతున్న వెర్షన్ సోర్స్ నుంచే తీసుకోండి. కెర్నల్ లోపలి ఫంక్షన్ల రూపం వెర్షన్ వెర్షన్‌కు మారుతుంది. ఎంకేడిర్ లాంటి ఐనోడ్ ఫంక్షన్లకు 5.12లో మొదటి ఆర్గ్యుమెంట్‌గా యూజర్ నేమ్‌స్పేస్ చేరింది, 6.3లో దాని చోట మౌంట్ ఐడీమ్యాప్ వచ్చింది. పాత కోడ్ కంపైల్ కాకపోతే మీ లాజిక్‌ను తిరగరాయకండి, లినక్స్/ఎఫ్ఎస్.హెచ్ తెరిచి ఆ పట్టికలో ఆ ఫంక్షన్‌కు ఇప్పుడు ఏ ఆర్గ్యుమెంట్లు రాసి ఉన్నాయో ముందు చూడండి.